నల్లమ్మ చెప్పిన మాట

మా పెద్దమ్మ చెంగమ్మకు తమిళం నేర్పింది మూడేళ్ల పిల్లలు. మద్రాసు మాధవరంలో పాల కాలనీ పక్కన బాల్వాడిలో ఆయమ్మగా చేరిన రోజు ఆమెకు ఆ భాష ఒక్క ముక్క రాదు. పిల్లలకు వచ్చిందీ అంతంత మాత్రమే. వాళ్లూ ఈమే కలిసి నేర్చుకున్నారు. పిల్లలు పెద్దవాళ్లయి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు గానీ, ఆమె తమిళం మాత్రం ఆ బాల్వాడి చాప మీదే కూర్చుండిపోయింది. రా కన్నా, తిను కన్నా, పడుకో కన్నా. ఇంతకు మించి ఒక మనిషితో మాట్లాడాల్సింది ఏముంటుందని ఆమె ధీమా. ఆ నాలుగు ముక్కలతోనే ఉద్యోగం మొత్తం చేసి, మంచి పేరుతో దిగిపోయింది.

పెద్దమ్మ అన్నాను గానీ మాకు చుట్టరికం లేదు. మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య గోడ ఒకటే. వాళ్లకు పిల్లలు లేరు. గోడకు ఇవతల పుట్టిన పాపానికి నేను రెండిళ్లలోనూ తిని పెరిగాను. నా పేరు జనని. వకీలుని. కోపం ఎక్కువ, కేసులు తక్కువ.

పెద్దమ్మ పుట్టిల్లు సత్యవేడు పక్కన పల్లె. యతిరాజులు పెదనాయన వాళ్లది తాతల కాలం నుంచీ మాధవరమే, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పెళ్లయి ఆమె ఈ ఇంట్లో అడుగుపెట్టిన మర్నాడు వీధిలోని ఆడవాళ్లు కొత్త కోడల్ని చూడ్డానికి వచ్చారట. గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, "నల్ల పొణ్ణు, రొంబ నల్ల పొణ్ణు" అన్నారట. పెద్దమ్మ రంగు తక్కువ. ఆ సంగతి పుట్టినప్పటి నుంచీ ఎవరో ఒకరు ఆమెకు గుర్తుచేస్తూనే ఉన్నారు. కానీ పరాయి ఊళ్లో, మొదటి రోజే, మొహం మీదే, అదీ నవ్వుతూ అంటారా అని వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిందట.

పాల వ్యాను తోలి ఇంటికొచ్చిన పెదనాయన సంగతి విని పడీపడీ నవ్వాడు.

"పిచ్చిదానా, అరవంలో నల్ల అంటే మంచి. నువ్వు చానా మంచి పిల్లవని మెచ్చుకోని పోయినారు వాళ్లు."

ఆమె కళ్లు తుడుచుకుని, అయినా అనుమానం తీరక అడిగింది. "మరి నీకెట్టా కనబడతా ఉండా? మంచిదాన్నా, నల్లదాన్నా?"

"రెండూ" అన్నాడాయన.

ఆ రోజు నుంచి ఆమె ఆయనకు నల్లమ్మ. సాయంత్రం వ్యాను షెడ్డులో పెట్టి వచ్చి, అరుగు మీద కూలబడి, "నల్లమ్మా" అని ఒక్క కేక. "వస్తా ఉండా" అని లోపలి నుంచి జవాబు. వెనకాలే కాఫీ. మా ఇంట్లో గోడ గడియారం ఆగిపోయినా మా అమ్మ పట్టించుకునేది కాదు, ఆ పిలుపు విని పొయ్యి ముట్టించేది.

పోయినేడు పెదనాయనకు గుండెలో నొప్పి వచ్చింది. పేరున్న ప్రైవేటు ఆసుపత్రిలో స్టెంటు వేశారు. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు రాసిచ్చి ఇంటికి పంపారు. పంపేటప్పుడు ఒక మాట చెప్పారు, రోజూ పొద్దున మా దగ్గర్నుంచి ఫోను వస్తుంది, మీ భాషలోనే మాట్లాడుతుంది, ఆయనకు ఎలా ఉందో చెప్పండి, అవసరమైతే డాక్టరే పిలుస్తాడు, అని. ఫోను చేసేది మనిషి కాదు, ఏఐ. మద్రాసు తెలుగు, తమిళం కలగలిపి మాట్లాడినా అర్థం చేసుకుంటుందని వాళ్ల కరపత్రంలో రంగురంగుల్లో వేసుకున్నారు.

గొంతు మాత్రం టీవీలో వార్తలు చదివే అమ్మాయిలాగా తియ్యగా ఉంటుంది. పెద్దమ్మకు అది "ఆసుపత్రి పాప". మొదటి రోజు ఆ ఫోను వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను.

"నమస్కారం. ఈ రోజు మీరు ఎలా ఉన్నారు?"

"బాగుండామ్మా. నువ్వు తిన్నావా?"

"క్షమించండి. ఆ సమాచారం నా దగ్గర లేదు."

పెద్దమ్మ ఫోను చేత్తో మూసి నా వైపు తిరిగింది. "తిన్నదో లేదో కూడా తెలీనంత పని పెడతా ఉండారు జననీ, పాపం."

"అది మిషను పెద్దమ్మా. దానికి నోరూ లేదు, కడుపూ లేదు."

"లేకుంటే లేకపోనీ. అడిగేదానికి మనకి నోరుండాది గదా."

నోరు మంచిదైతే ఊరు మంచిదన్నది ఆమె సిద్ధాంతం. రోజూ అడిగేది. రోజూ అదే జవాబు వచ్చేది. ఆమెకు విసుగు రాలేదు. యంత్రానికి ఎలాగూ రాదు.

కొన్ని వారాల తరవాత ఒకరోజు పొద్దున పెదనాయన బాత్రూము నుంచి వచ్చి, చెప్పాలా వద్దా అని కాసేపు నసిగి, పెద్దమ్మకు ఒక మాట చెప్పాడు. ఫోను ఎప్పుడు వస్తుందా అని ఆమె ఎదురుచూసి, రాగానే చెప్పింది.

"నిన్నటి నుంచి ఆయనకి దొడ్డికి నల్లగా పోతా ఉండాదమ్మా. ఏమన్నా తప్పా?"

"చాలా సంతోషం. మందులు అలాగే కొనసాగించండి. శుభదినం."

మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. పెద్దమ్మ చెప్పింది తెలుగు నల్ల. యంత్రం విన్నది తమిళ నల్ల. దొడ్డికి బాగా పోతోందని రాసుకుని అది సంతోషించింది. ఆ మాత్రలు వేసుకునే మనిషికి నల్లగా పోతోందంటే కడుపులో ఎక్కడో రక్తం కారుతోందని అర్థం. చదువుకున్న నర్సు ఎవరైనా ఆ మాట వింటే ఉన్నపళాన రమ్మనేది.

పెద్దమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకుంది. "ఏమీ లేదంట. పాప సంతోషమనింది" అని మొగుడికి ఆ పూట మాత్ర తన చేత్తోనే నోట్లో వేసి నీళ్లు తాగించింది. మర్నాడు పెదనాయన బాత్రూములో పడిపోయాడు.

అత్యవసర విభాగంలో డ్యూటీ డాక్టరు, కుర్రవాడు, కంగారులో గట్టిగానే అరిచాడు. ముందే ఎందుకు చెప్పలేదు అని. "చెప్పినా సామీ, పాపకి చెప్పినా" అంటోంది పెద్దమ్మ. ఆయన కంప్యూటర్లో చూసి, తెర మా వైపు తిప్పాడు. విరేచనం: బాగుంది. సమాచారం ఇచ్చినవారు: భార్య.

రక్తం ఎక్కించారు. ప్రాణం దక్కింది. జీవితమంతా చీకట్లోనే లేచి ఊరందరికీ పాలు పోసిన మనిషి, ఇప్పుడు మంచం నుంచి అరుగు దాకా రావాలంటే గోడ పట్టుకోవాలి. అయినా దక్కాడు, అదే మాకు పదివేలు. కానీ ఆయన కళ్లు తెరిచిన రోజు ఇంకొకటి పోయింది. ఆసుపత్రి మంచం మీద పెదాలు తడుపుకుని ఆయన మొదట పిలిచిన పిలుపు "నల్లమ్మా" అనే. పెద్దమ్మ రెండు చేతులతో ఆయన నోరు మూసింది.

"ఆ మాట అనబాకయ్యా. ఆ మాటే నిన్ను మింగబోయింది. నా నోటితోనే చెప్పినా."

ఆయన మళ్లీ అనలేదు. ఇంటికి వచ్చాక ఒక సాయంత్రం గోడ అవతల నుంచి "చెంగమ్మా" అని వినిపిస్తే, ఎవరో చుట్టాలు వచ్చారనుకున్నాను. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆమెను ఆయన సొంత పేరుతో పిలవడం అదే మొదలు. ఆమె జవాబు చెప్పకుండా కాఫీ తెచ్చి పక్కన పెట్టి వెళ్లిపోయింది.

అక్కడితో ఆగలేదు. పెద్దమ్మ మాట్లాడటమే తగ్గించేసింది. అంగడికి పోతే వేలితో చూపించి తెచ్చుకునేది. వీధిలో ఎవరైనా ఆయనెలా ఉన్నారని అడిగితే తల ఊపేది, ఏ పక్కకు ఊపిందో కూడా తెలియకుండా. ఎందుకలా ఉన్నావని నేను కసురుకుంటే, "ఏం మాట చెప్తే ఏం అర్థమవతాదో తెలీదు జననీ. సరిగ్గా చెప్పేదానికి నాకు రాలా" అంది. వీధిలోకి వచ్చిన కుక్కపిల్లను కూడా తిన్నావా అని అడిగే మనిషి. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. నాకు కోపమే ముందు వస్తుంది కాబట్టి ఆసుపత్రికి నోటీసు ఇచ్చాను.

జవాబు వచ్చింది. రోగి భార్య ఇచ్చిన సమాచారాన్నే తమ వ్యవస్థ నమోదు చేసిందట. అది అస్పష్టంగా ఉంటే బాధ్యత ఇచ్చినవారిదేనట. నేను చదువుతుంటే పెద్దమ్మ నా మొహం చూస్తోంది.

"నా వల్లనే అని రాసినారా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. చేతకాక కాగితం మడిచాను.

"నిజందా. నిజమే గదా" అంది ఆమె. అని లోపలికి వెళ్లి బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చుంది. ఇప్పటి బియ్యంలో రాళ్లెక్కడివి?

వినియోగదారుల కమిషన్లో కేసు వేశాను. యంత్రం చేసిన పొరపాటుకు ఎవరు జవాబుదారు అన్నదానికి మన దేశంలో విడిగా చట్టమంటూ ఇంకా లేదు. ఉన్నవాటితోనే నెట్టుకురావాలి. సేవలో లోపం అని రాసి, ముగ్గురిని ప్రతివాదులుగా చేర్చాను. ఫోన్లు చేయించిన ఆసుపత్రి, ఆ ఫోను సేవను అమ్మిన కంపెనీ, దానికి మాటలు వినే చెవి తయారుచేసిన ఇంకో కంపెనీ. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ ఒక్కరూ చిటికెడు కూడా పట్టుకోలేదు. మేము డబ్బిచ్చి కొన్నాం, లోపల ఏముందో మాకేం తెలుసు అంది ఆసుపత్రి. మేము అమ్మాం, చెవి మాది కాదంది కంపెనీ. చెవి మాదే, కానీ మద్రాసులో పెట్టుకోమని మేం చెప్పలేదంది మూడోది. ఒక్క విషయం మీద మాత్రం ముగ్గురికీ భలే ఐకమత్యం. ఆమె స్పష్టమైన భాషలో చెప్పలేదు! ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. పాపం మూట మొత్తం చెంగమ్మ నెత్తికెత్తి చేతులు దులుపుకున్నారు.

వాదన రోజున పెద్దమ్మా పెదనాయనా వెనక బెంచీ మీద కూర్చున్నారు. ఫోను సేవ అమ్మిన కంపెనీ తరఫున కిరణ్‌కుమార్ అనే కుర్ర వకీలు లేచాడు. చురుకైనవాడు, ఆ మాట ఒప్పుకోవాలి. యంత్రం అన్నది ఒక పనిముట్టు మాత్రమేనని, అది ఉద్యోగి కాదు కాబట్టి దాని తప్పుకు యజమాని అంటూ ఎవరూ ఉండరని చెప్పాడు. నేను లేచి, "పనిముట్టు అయితే పట్టుకున్నవాళ్లది బాధ్యత. పనివాడైతే పెట్టుకున్నవాళ్లది బాధ్యత. రెండూ కాదంటే, ఒక రోగి ఇంటికి రోజూ ఫోను చేసిందెవరో మీరే చెప్పండి" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, గుమస్తా తలెత్తి చూశాడు.

తరవాత ఆ రోజు రికార్డు పెట్టారు. స్పీకరులోంచి ఆ తియ్యటి గొంతు వచ్చింది.

"నమస్కారం. ఈ రోజు మీరు ఎలా ఉన్నారు?"

"బాగుండామ్మా" అంది పెద్దమ్మ వెనక బెంచీ నుంచి, అలవాటు కొద్దీ, పైకే. హాల్లో నవ్వులు లేచాయి. వెంటనే స్పీకరులోంచి ఆమె గొంతే, అదే సంబరంతో, "బాగుండామ్మా. నువ్వు తిన్నావా?" అంది. నవ్వులు ఆగిపోయాయి. పెద్దమ్మ తల వంచుకుంది. రాబోయేది ఆమెకు తెలుసు. ఆ వాక్యం వచ్చినప్పుడు పెదనాయన ఆమె చేతిని తన చేతిలోకి తీసుకోవడం చూశాను.

కమిషన్ అధ్యక్షురాలు తమిళావిడ. తెలుగు రాదు. ఆ ముక్క మళ్లీ పెట్టించుకుని విన్నారు. ఇంకోసారి విన్నారు. విని, తమిళంలో కిరణ్‌కుమార్‌ను అడిగారు.

"నల్లా సంగతి సరే. తరవాత ఆవిడ ఏదో అడిగింది. తప్పా అనా?"

"అవును మేడం."

"తెలుగులో తప్పు అంటే ఏమిటి?"

"తప్పే మేడం. రెండు భాషల్లోనూ అదే."

"అయితే, బాగా పోతోంది, ఏమైనా తప్పా అని ఎవరైనా అడుగుతారా?"

కిరణ్‌కుమార్ కాగితాలు తిరగేశాడు. ఆ చివరి ముక్కను యంత్రం లెక్కలోకి తీసుకోలేదని, మొదటి మాట మీదే దానికి తొంభై శాతం పైన నమ్మకం కుదిరిందని చెప్పాడు. అధ్యక్షురాలు కళ్లద్దాలు తీసి వెనక బెంచీ వైపు, బెంచీ అంచు పట్టుకుని కూర్చున్న పెదనాయన వైపు చూశారు.

"మిగతా పది శాతంలో ఆయన ఉన్నాడు కదండీ. ఇంకొక్కసారి అడిగి ఉండొచ్చు. అడగకపోతే వినడానికి ఒక మనిషినైనా పెట్టి ఉండొచ్చు" అన్నారు. కోపంగా అనలేదు. నాకైతే కోపంగా అనుంటే బావుండేదనిపించింది.

మధ్యాహ్నం వరండాలో మేము పెరుగన్నం డబ్బా తెరిచాం. కిరణ్‌కుమార్ స్తంభం పక్కన నిలబడి ఫోనులో ఎవరితోనో తంటాలు పడుతున్నాడు. పెద్దమ్మ అతన్ని చాలాసేపు చూసింది. అన్ని నెలల తరవాత, ముక్కూ మొహం తెలియని మనిషితో తనంతట తాను నోరు విప్పింది.

"తిన్నావా నాయనా?"

అతను ఉలిక్కిపడ్డాడు. "ఇంకా లేదమ్మా" అన్నాడు, తెలుగులోనే. డబ్బా మూతలో పెరుగన్నం పెట్టి, పైన మాగాయ ముక్క వేసి అతని చేతికిచ్చింది.

"పెద్దమ్మా, అతను అవతలి పార్టీ!" అని పళ్లు కొరికాను.

"కానీలే. ఈ పిల్లోడికైనా తెలిసింది, తిన్నాడో లేదో."

తీర్పు కొన్ని వారాలకు వచ్చింది. ఆసుపత్రి, ఫోను సేవ అమ్మిన కంపెనీ, ఇద్దరిదీ బాధ్యత. చెవి చేసిన కంపెనీ మీద సాక్ష్యం చాలలేదని వదిలేశారు. అది నాకు ఇప్పటికీ మంటే. మిగతా ఇద్దరూ అప్పీలుకు వెళతారని విన్నాను. వెళ్లనీ, నేనెక్కడికీ పోవడం లేదు. ఏమైనా ఆ సాయంత్రం తీర్పు కాపీ పట్టుకుని, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా గోడ అవతలికి పరుగెత్తాను.

పెదనాయన లోపల మంచం మీద ఉన్నాడు. పెద్దమ్మ అరుగు మీద మునగాకు దూస్తోంది. నేను ఇంగ్లీషు చదివి తెలుగులో చెబుతూ పోయాను. అంతా విని ఆమె మొదట అడిగింది ఇది.

"ఆ పాపని ఏమన్నా అన్నారా?"

"దాన్ని ఏమీ అనలేదు. దాన్ని పెట్టినవాళ్లను అన్నారు."

"అదే సరి. బాల్వాడిలో ఒక పిల్లోడు ఇంకో పిల్లోణ్ణి కొరికితే ఆ పిల్లోణ్ణా కోర్టుకి లాగేది? యాడ చూస్తా ఉండావని ఆయమ్మనే గదా అడుగుతారు." మునగాకు రెమ్మ పక్కన పెట్టింది. "నా గురించి ఏమన్నా ఉండాదా?"

ఉంది. ఆ పేరా కోసమే నేను పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఉంది పెద్దమ్మా, విను. రోగి భార్య చెప్పవలసిన విషయాన్ని చెప్పవలసిన సమయానికి సరిగ్గా చెప్పింది. ఆమె మాటలో ఏ లోపమూ లేదు. ఆమె తప్పు ఏమీ లేదు."

"ఇంకోసారి చెప్పు."

చెప్పాను. ఆమె పెదాలు నా మాటల వెంటే కదిలాయి, బాల్వాడి పిల్లలు పాట నేర్చుకునేటప్పుడు కదిలినట్టు.

"అంటే" అంది, మెల్లగా, "నేను నల్లగానే చెప్పినానా?"

ఆ మాట ఆమె నోటి నుంచి వచ్చి ఏడాది కావస్తోంది. అది తెలుగు నల్లో, తమిళ నల్లో నేను అడగలేదు. తల ఊపాను.

లోపల మంచం కిర్రుమంది. పెదనాయన అంతా వింటూనే ఉన్నాడన్న మాట.

"నల్లగానే చెప్పినావే. రొంబ నల్లగా చెప్పినావు" అన్నాడు లోపలి నుంచి. ఆ తరవాత, వ్యాను షెడ్డులో పెట్టి వచ్చిన నాటి గొంతు కాదు గానీ, ఆ కేకే వేశాడు. "నల్లమ్మా!"

మా ఇంట్లో అమ్మ పొయ్యి ముట్టించిన చప్పుడు గోడ అవతల నుంచి వినిపించింది. పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, ఒళ్లోని మునగాకు దులుపుకుని లేచింది.

"వస్తా ఉండా" అంది.